ఫ్రిజ్ ఆగితే తప్పు మనదేనా?

ఇల్లు మారితే ముందు పాలు పొంగించాలి. ఆ తర్వాత ఏం చెయ్యాలో పెద్దవాళ్లెవరూ చెప్పలేదుగానీ, ఇప్పుడు ఏ ఇంట్లో అయినా జరిగేది ఒకటే. ఫ్రిజ్‌కి ప్లగ్గు పెట్టడం. పొంగించగా మిగిలిన పాలు, దేవుడికి తెచ్చిన పూలు, సామాను దించినవాళ్లకి ఇవ్వాల్సిన చల్లటి నీళ్లు, అన్నీ అందులోకే కదా! మేమూ అదే చేశాం. ఆ పుణ్యానికి వారం రోజులు నేను మాటలు పడ్డాను.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక పశ్చిమగోదావరికి భీమవరం కేంద్రమైంది, ఏలూరు వేరే జిల్లా అయింది. కొన్ని ఆఫీసులు ఇటు వచ్చాయి. ఆఫీసుల వెనకాల ఉద్యోగులు, ఉద్యోగుల వెనకాల మనలాంటి సంసారాలు! పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఆగి, మే నెలాఖరులో సామానంతా ఒక చిన్న వ్యానుకెక్కించి కైకలూరు, ఆకివీడు, ఉండి మీదుగా భీమవరం చేరాం.

ఆ సామానులో నాదంటూ గట్టిగా చెప్పుకోగలిగిన వస్తువు ఆ ఫ్రిజ్ ఒక్కటే. అంతకు రెండేళ్ల క్రితం, జాకెట్లు కుట్టి కట్టుకున్న చీటీ పాడి ఆరువేల అయిదొందలకి కొన్నాను. హైదరాబాదు వెళ్లిపోతున్న ఒక కుటుంబం అమ్ముతుంటే కొన్న సెకండ్ హ్యాండ్ సరుకు. "వాళ్లు వాడి పారేసింది మనకెందుకు? ఆగితే కొత్తదే కొందాం" అన్నారు మావారు. ఆ ఆగడం ఎన్నేళ్లో నాకు తెలుసు కాబట్టి ఆగలేదు. రెండేళ్లు నోరెత్తకుండా పనిచేసింది పాపం.

వ్యానుకెక్కించేటప్పుడు దాన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. "నిలబెడితే గోతుల్లో పడిపోద్దండి" అన్నాడు కుర్రాడు. నిజమే కాబోలనుకున్నాను. దాని మీద రెండు పరుపులు, పరుపుల మీద కుట్టుమిషను. దించిన పావుగంటలో వంటింటి మూల నిలబెట్టి, గోడకి ఆనించి, ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి ప్లగ్గు పెట్టేశాం. తలుపు తీస్తే లైటు వెలిగింది. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నకి పాలు విరిగాయి. పూలు కమిలిపోయాయి. ఫ్రీజర్‌లో ట్రే నిండా గోరువెచ్చని నీళ్లు. లైటు మాత్రం నవ్వుతూ వెలుగుతోంది.

ఇక చూడండి. "అప్పుడే చెప్పాను" అని మావారు. "పాతసామాను ఇంటికి తెచ్చుకుంటే ఇంతే వదినా" అని ఫోనులో ఆడబడుచు. "అమ్మా, నువ్వు నిన్న వేడివేడి గిన్నె పెట్టావు కదా" అని తొమ్మిదో తరగతి చదివే నా పుత్రరత్నం. ఫ్రిజ్‌ని పడుకోబెట్టిన కుర్రాడిని ఎవరూ ఏమీ అనలేదు. సామాను కట్టించిన మగవాళ్లనీ అనలేదు. ఆగిపోయింది ఫ్రిజ్, ముద్దాయిని నేను!

ఒక్క మా అత్తయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. ఇన్సులిన్ సీసాలు తడిగుడ్డలో చుట్టుకుని వచ్చి, "ఇవెక్కడ పెట్టను?" అన్నారు. నాకు నిజంగా కాళ్లు చల్లబడింది అప్పుడే. పాలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. మే నెలలో మా వంటింట్లో వేడి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తెరవని ఇన్సులిన్ సీసాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా నీడపట్టున బయట ఉన్నా సుమారు నెల్లాళ్లు ఫరవాలేదంటారుగానీ, అది ఎండాకాలం మా రేకుల వంటింటిని చూసి చెప్పిన మాట కాదు. పక్కవాటా తలుపు తట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్లని "మా అత్తగారి మందు మీ ఫ్రిజ్‌లో పెట్టుకోనిస్తారా అండీ?" అని అడిగాను. పాపం ఆవిడ, తలుపు అరలో కరివేపాకు కట్ట తీసి చోటిచ్చింది. మందు గడ్డకట్టకూడదు, ఫ్రీజర్ పక్కన వద్దు అని చెప్పి మరీ పెట్టించాను. వాడుతున్న సీసాని మాత్రం పాత పద్ధతిలో, తడి ఇసకలో పెట్టిన మట్టికుండలో ఉంచాం. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదన్న సంగతి, ఇంట్లో షుగరున్న వాళ్లుంటే గుర్తుపెట్టుకోండి.

సార్ లేరాండి?

మధ్యాహ్నానికి మెకానిక్ వచ్చాడు. గుమ్మంలోనే "సార్ లేరాండి?" అన్నాడు. లేరన్నాను. ఫ్రిజ్ వెనక్కి ఒకసారి వంగి చూశాడు, కింద నల్లడబ్బా మీద చెయ్యి వేశాడు, లేచి దులుపుకున్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "గ్యాసయిపోయిందండి. కొట్టాలి. నాలుగువేలవుద్దండి. కంప్రెసర్ కూడా పోతే ఇంకో అయిదండి. సార్‌నడిగి ఫోన్ చెయ్యండి."

"మొన్నటిదాకా ఉన్న గ్యాసు నిన్నెలా అయిపోయింది?" అన్నాను. "వాడుతుంటే అయిపోద్దికదండి" అన్నాడు. వంటగ్యాసు సిలిండరు అయిపోవడం మనకి అలవాటే. అంచేత ఆ మాట చెవికి సహజంగానే వినబడింది. ఆ ఒక్క మాట మీద మన ఊళ్లలో ఎన్ని వేలు చేతులు మారుతున్నాయో!

ఆ మాట అబద్ధమండీ. ఫ్రిజ్‌లో గ్యాసు వాడితే అయిపోయేది కాదు. సీలు వేసిన గొట్టాల్లో అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో చిల్లు పడితేనే తగ్గుతుంది. చిల్లు పడిందా, ఎక్కడ పడింది అని చూడకుండా మళ్లీ గ్యాసు నింపితే అది పొత్తికుండలో నీళ్లు పోసినట్టే.

ఈ సంగతి నాకు ఆ రోజు తెలియదు. చెప్పింది మా వీధి చివరింటి బాబాయిగారు. భీమవరం చుట్టుపక్కల రొయ్యలకీ చేపలకీ ఐసు దిమ్మలు తయారుచేసే ఫ్యాక్టరీలున్నాయి కదా, అలాంటి ఒకదానిలో ముప్పయ్యేళ్లు యంత్రాల దగ్గర పనిచేసి రిటైరయ్యారాయన. అక్కడ తిరిగేది అమ్మోనియా, ఇంట్లో తిరిగేది వేరే గ్యాసు, సూత్రం మాత్రం ఒకటే అన్నారు. ఆయన్ని ఇంటికి పిలిచింది నేను. ప్రశ్నలడిగింది నేను. ఆయన మాత్రం జవాబులన్నీ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చొక్కా విప్పుతున్న మావారికి చెప్పారు! ఈయన "ఊఁ ఊఁ" అంటూ తలాడించారు. ఆయన వెళ్లాక "ఏం చెప్పారు?" అని అడిగితే "ఏదో ఆయిలంట" అన్నారు. పెద్దాయన మంచివాడే. ఆడవాళ్లు మిషను సంగతి అడిగితే జవాబు మగవాళ్లకి చెప్పడం అలవాటు, అంతే. నేను మర్నాడు పొద్దున్నే వాళ్లింటికెళ్లి, పిన్నిగారి పక్కన కూర్చుని, మళ్లీ మొదటినుంచి చెప్పించుకున్నాను.

ఆయన చెప్పింది నాకు అర్థమైన భాషలో చెబుతాను.

మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ ఒంటిమీద చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది కనక. ఫ్రిజ్ చేసేదీ అదే. ఫ్రీజర్ చుట్టూ ఉన్న గొట్టాల్లో గ్యాసు ద్రవంగా వచ్చి ఆవిరవుతుంది, అవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. కింద నల్లగా, గుండ్రంగా ఉండే డబ్బా కంప్రెసర్. అది ఆ ఆవిరిని నొక్కి వెనకాల జాలీలోకి తోస్తుంది. అక్కడ వేడి బయటికి పోయి, ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. అంటే ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచెయ్యదు, లోపలి వేడిని తెచ్చి మన వంటింట్లో పారబోస్తుంది. పారబొయ్యడానికి దానికి చోటు కావాలి. గోడకి ఆనించేస్తే ఎక్కడ పోస్తుంది? కనీసం బెత్తెడు ఖాళీ వదలాలి. కొత్త మోడళ్లలో వెనకాల జాలీ కనబడదు, గొట్టాలు పక్క గోడల్లో ఉంటాయి. అలాంటివాటికి పక్కన ఖాళీ ఉండాలి. పక్కలు వెచ్చగా ఉన్నాయని భయపడేవాళ్లున్నారు. అవి వెచ్చగా ఉంటేనే మంచిది!

ఇక ఆ కంప్రెసర్ అడుగున నూనె ఉంటుంది. లోపల మోటారు స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. "నేతిగిన్నె పడుకోబెడితే ఏమవుద్దమ్మా?" అన్నారు బాబాయిగారు. నెయ్యి కారుతుంది. ఇక్కడా అంతే. వెల్లకిలా పడుకోబెట్టి గోతుల రోడ్డు మీద గంటల తరబడి కుదిపితే, నూనె ఉండాల్సినచోట తగ్గి గొట్టాల్లోకి జారుతుంది. ఆ గొట్టాల్లో ఒకటి మరీ సన్నం, లోపలి రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. వెంటనే కరెంటిస్తే నూనె వెళ్లి అక్కడ అడ్డుపడొచ్చు, అటు కంప్రెసర్ తగినంత నూనె లేకుండా తిరగొచ్చు. అంచేత ఫ్రిజ్‌ని నిలబెట్టే తేవాలి. తప్పనిసరై పడుకోబెడితే, తెచ్చాక నిలువుగా పెట్టి ప్లగ్గు జోలికి పోకుండా వదిలెయ్యాలి. ఎంతసేపు పడుకోబెట్టారో కనీసం అంతసేపు. రోజంతా పడుకుని వచ్చిందైతే మర్నాటిదాకా. నిలబెట్టి తెచ్చినా ఒకటి రెండు గంటలు ఆగడం మంచిది. ఇంత చిన్న మాట! సామాను మోసే కుర్రాడికి తెలిస్తే బావుణ్ణు, మొదటి మెకానిక్ అడిగుంటే బావుణ్ణు, అసలు నాకు తెలిసుంటే ఇంకా బావుణ్ణు.

నాలుగువేలు కాదు, మూడొందల యాభై

సరే, ప్లగ్గు తీసేశాను. ఒక పగలు, ఒక రాత్రి అలాగే వదిలేశాను. మర్నాడు పెట్టి, స్టూలేసుకుని పక్కనే కూర్చున్నాను. "గుర్ర్" మని ఒక పది సెకన్లు ములిగి, "టక్" మంది. నిశ్శబ్దం. నాలుగైదు నిమిషాలకి మళ్లీ గుర్ర్, మళ్లీ టక్. కాగితం మీద టైములు రాసుకున్నాను. మా అబ్బాయి నవ్వాడు, నవ్వనీ.

బాబాయిగారు ఆ కాగితం చూసి, "ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి గోడ ప్లగ్గులోనే పెట్టు" అన్నారు. సన్నటి వైరు మీద, సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు, కంప్రెసర్ లేవలేక ములుగుతుందిట. గోడకి పెట్టాం. కాస్త గట్టిగా ములిగింది గానీ లేవలేదు. అప్పుడాయన తనకి తెలిసిన ఇంకో మెకానిక్‌ని పంపారు. అతను మీటరు తెచ్చాడు. ముందు ప్లగ్గులో వోల్టేజీ చూశాడు, తర్వాత కంప్రెసర్ పక్కనున్న చిన్న మూత విప్పాడు. అందులో అగ్గిపెట్టంత నల్ల ముక్క. రిలే అంటారు దాన్ని. కంప్రెసర్‌ని మొదట లేవదీసి తోసేది అదే. చెవి దగ్గర ఊపి చూపించాడు, గలగలమంది. "కాలిపోయిందమ్మా. పడుకోబెట్టి తెచ్చి వెంటనే పెట్టారా?" అన్నాడు. సార్‌ని కాదు, నన్నడిగాడు! పెట్టామన్నాను. "బలవంతంగా లేవబోయి లేవబోయి ఇది పోయుండొచ్చు" అన్నాడు. కొత్త రిలే, కూలి కలిపి మూడొందల యాభై. పాత రిలే నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ సాయంత్రానికి ఫ్రీజర్ గోడ మీద తెల్లటి పొర పట్టింది. రాత్రికి అత్తయ్యగారి సీసాలు ఇంటికొచ్చాయి.

ఆ నల్లముక్క నా కుట్టుమిషను సొరుగులో ఇప్పటికీ ఉంది. ఎవరైనా "పాతసామాను" అంటే తీసి చూపిస్తాను.

నాకు జరిగినట్టే అందరికీ మూడొందల యాభైతో తీరుతుందని నేననను. కొన్నిసార్లు నిజంగానే గ్యాసు పోతుంది. మా వెనక వీధిలో ఒకావిడ ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. ఫ్రిజ్ ఒక్కరోజు ఆగితే ఆ రోజు పిండి పులిసి కాలవపాలే. ఆవిడ ఒకే ఏడాదిలో రెండుసార్లు గ్యాసు కొట్టించింది. మూడోసారి వచ్చినతను వెతికితే ఫ్రీజర్ గోడలో సూదిమొనంత చిల్లు కనబడింది. మంచు పేరుకుందని చాకుతో గీకిందట. ఎవరమైనా అదే చేస్తాంగా! ఆ గోడ పల్చటి అల్యూమినియం, దాని వెనకే గ్యాసు. చాకు, అట్లకాడ, స్క్రూడ్రైవరు దాని దరిదాపుల్లోకి పోకూడదు. స్విచ్చాపి, తలుపు తీసి, లోపల వేణ్ణీళ్ల గిన్నె పెడితే మంచు దానంతటదే జారుతుంది. ఈ మాట ఆవిడకి మొదటి మెకానిక్ చెప్పలేదు, రెండోసారీ చెప్పలేదు. చెబితే మూడోసారి పిలవరు కదా అని నా అనుమానం. తప్పైతే మన్నించాలి.

గ్యాసు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గ్యాసులన్నీ ఒకటి కావు. మన అమ్మల కాలంలో, సనత్‌నగర్‌లో తయారైన ఆల్విన్ ఫ్రిజ్ ఇంట్లో ఉంటే చుట్టాలకి ప్రత్యేకంగా చూపించే రోజుల్లో, వాటిలో ఉండేది ఆర్-12. అది ఆకాశంలో ఓజోన్ పొరని తినేస్తోందని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశంలో 2003 నుంచి కొత్త ఫ్రిజ్‌ల తయారీలో దాన్ని ఆపేశారు. తర్వాత ఆర్-134ఎ వచ్చింది. ఇప్పుడు చాలావాటిలో ఉండేది ఆర్-600ఎ. ఇది మండే గ్యాసు. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో వంద గ్రాముల లోపే ఉంటుంది, మామూలుగా వాడుకుంటే భయమేమీ లేదు. కానీ రిపేరు పేరుతో, తలుపులు మూసిన వంటింట్లో, గొట్టాలకి మంటపెట్టి అతుకులేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. ఏ గ్యాసో కంప్రెసర్ మీదా, వెనక చీటీ మీదా రాసి ఉంటుంది. మెకానిక్ అది చదవకుండానే సిలిండరు తీస్తే అతన్ని పంపించెయ్యడమే మేలు. గ్యాసు నింపే ముందు చిల్లు మూయాలి, ఫిల్టరు మార్చాలి, గొట్టాల్లో గాలీ తేమా పంపుతో లాగెయ్యాలి, తర్వాత తూకం వేసి నింపాలి. పది నిమిషాల్లో అయ్యే పని కాదు. అయిపోయిందంటే సరిగా జరగలేదన్నమాట.

ఎవరినైనా పిలిచే ముందు మనం చూసుకోగలిగినవి ఉన్నాయి. లోపల లైటు వెలగడాన్ని నమ్మకండి, దానికీ చల్లదనానికీ సంబంధం లేదు. కరెంటొస్తోందని చెబుతుంది, అంతే. లోపల చల్లదనం తగ్గించే, పెంచే మరను చూడండి. సామాను సర్దేటప్పుడు చెయ్యి తగిలి సున్నా మీదికి తిరిగిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. తర్వాత కంప్రెసర్ మీద చెయ్యి పెట్టండి, వేడి ఉండొచ్చు, మెల్లిగా. వెచ్చగా ఉండి సన్నగా అదురుతుంటే అది తిరుగుతోంది. చల్లగా, కదలిక లేకుండా ఉంటే కరెంటు అక్కడిదాకా రావడం లేదు. నాకు జరిగినట్టు ములిగి ములిగి టక్కుమంటుంటే వెంటనే ప్లగ్గు తీసెయ్యండి, అలా వదిలేస్తే మోటారే కాలుతుంది. కంప్రెసర్ చక్కగా తిరుగుతూ, వెనక జాలీ ఏమాత్రం వెచ్చబడకుండా, ఫ్రీజర్‌లో ఒక మూల మాత్రమే మంచు కడుతుంటే అప్పుడు గ్యాసు మాట నమ్మొచ్చు. మంచు కట్టని రెండు తలుపుల ఫ్రిజ్‌లలో పైన ఐసు గడ్డకట్టి కింద కూరలు వాడిపోతుంటే, లోపలి ఫ్యానూ, గాలి వచ్చే దారీ చూడమనండి. ఒకసారి ఆపితే మళ్లీ వెంటనే వెయ్యకండి, మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగాలి. తలుపు చుట్టూ రబ్బరు సరిగా పడుతోందా అని పదిరూపాయల నోటు పెట్టి మూసి లాగి చూడండి. సులువుగా జారొస్తే అక్కడ గాలి దూరుతున్నట్టే. ఇల్లు మారాక నేల ఎగుడుదిగుడై తలుపు మెలిపడినా ఇదే అవుతుంది. ముందుకాళ్లు కొంచెం ఎత్తు చేస్తే తలుపు తనే మూసుకుంటుంది.

ఇవన్నీ చూస్తూ షాకు గురించి మరచిపోకండి. కొత్తగా దిగిన అద్దె ఇంట్లో ఫ్రిజ్ పిడి పట్టుకుంటే చెయ్యి "జిల్లు" మందా? "పాతది కదా, అలాగే ఉంటుంది" అని చెప్పులేసుకుని తెరిచేవాళ్లు నాకు తెలుసు. అలా ఉండకూడదు. ఎర్త్ లేదన్నమాట. ఇంటాయనతో పోట్లాడైనా ముందు అది పెట్టించుకోవాలి. తడికాళ్లతో తిరిగేది మనమూ, పిల్లలూనూ.

సెకండ్ హ్యాండ్ కొనొద్దని మాత్రం నేననను. ఉద్యోగాల బదిలీలు ఎక్కువున్న ఊళ్లలో మంచి ఫ్రిజ్‌లు తక్కువ ధరకి దొరుకుతాయి. కొత్తది కొనే స్తోమత వచ్చేదాకా ఎండాకాలాలన్నీ విరిగిన పాలతో గడపడం కంటే అది నయం. కానీ, ఇప్పుడే ప్లగ్గు పెట్టి లైటు చూపిస్తే డబ్బు ఇవ్వకండి. ముందురోజు నుంచీ నడుస్తుండగా వెళ్లి చూడండి. ఫ్రీజర్‌లో గిన్నెడు నీళ్లు పెట్టమని రాత్రే ఫోనులో చెప్పండి, పొద్దున్న వెళ్లి గడ్డకట్టిందా చూడండి. తలుపు కింద తుప్పు, రబ్బరులో పగుళ్లు, వెనక గొట్టాల మీద నూనె జిడ్డు చూసుకోండి. జిడ్డుంటే అక్కడ చిల్లుందని అనుమానించొచ్చు. దాని పుస్తకం అడిగి తీసుకోండి. కంప్రెసరే పోయిందంటే మాత్రం మొహమాటం వదిలెయ్యాలి. ఆరువేల ఫ్రిజ్‌కి అయిదువేల కంప్రెసర్ వేయించడం నా లెక్కలో తెలివైన పని కాదు. మీరు కొన్నదని మమకారం వద్దు. మూలపడిన దాన్ని పాతసామాను వాళ్లకిచ్చేటప్పుడు తలుపు ఊడదీసి మరీ ఇవ్వండి. పాత గొళ్లెం తలుపుల ఫ్రిజ్‌లలో ఆడుకుంటూ దూరి ఊపిరాడక పోయిన పిల్లలున్నారు.

నాకు కోపం ఒక్కటే. ఫ్రిజ్ ఎవరిది అంటే ఇంట్లో అందరూ ఆడవాళ్ల వైపే చూపిస్తారు. తుడిచేది మనం, సర్దేది మనం, పాడైతే మాట పడేదీ మనం. దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎలా ఎత్తాలి, మెకానిక్‌కి ఎంతివ్వాలి అన్నప్పుడు మాత్రం "సార్ లేరాండి?" పుస్తకమేమో బీరువా లాకర్లో, ఆయన కాగితాల మధ్య. కుండలో నీళ్లెందుకు చల్లబడతాయో బడిలో మనమూ చదువుకున్నాం, పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నాం. అదే సంగతి వంటింటి మూలలో పనిచేస్తుంటే అది మగవాళ్ల విషయం ఎప్పుడైపోయిందో! మనలోనూ తప్పుంది లెండి. మెకానిక్ రాగానే అతనికి చోటిచ్చి, టీ పెడతానంటూ స్టవ్ వైపు తిరిగిపోతాం. టీ తర్వాత ఇవ్వొచ్చు. అతను మూత విప్పేటప్పుడు పక్కనే నిలబడి అదేమిటి, ఇదేమిటి అని అడిగితే నాలుగువేలకి కారణం కూడా అడిగే ధైర్యం వస్తుంది. నన్నడిగితే, మార్చిన పాత సామాను చేతికి తీసుకోకుండా ఒక్క పైసా ఇవ్వకూడదు. మాట మారిస్తే చీటీ రాసివ్వమనాలి. చేతిలో చీటీ ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చెయ్యొచ్చు.

మొన్న దసరా సెలవుల్లో మా పైవాటాలోకి కొత్తవాళ్లు దిగారు. బట్టలారేస్తూ చూస్తే, కింద వ్యానులోంచి ఫ్రిజ్‌ని పడుకోబెట్టి దించుతున్నారు. తడిబట్టలు బకెట్టులో పడేసి మెట్లెక్కి పరిగెత్తాను. ఆవిడెవరో, పేరేమిటో కూడా తెలియదు. "ప్లగ్గు పెట్టకండమ్మా!" అన్నాను గుమ్మంలోంచే. "మావారు ఇప్పుడే పెట్టేశారండీ, లైటొచ్చింది" అందావిడ సంతోషంగా. నేనే వెళ్లి వైరు పీకేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఆవిడకి అక్కడే నిలబడి నూనె సంగతంతా చెప్పాను. పొంగించగా మిగిలిన వాళ్ల పాలు ఆ రాత్రి మా ఫ్రిజ్‌లో ఉన్నాయి.